పాత మోటారు సైకిలును క్రొత్త చేతికి సిద్ధపరచుట



ఎద్దును కొనునప్పుడు పండ్లు చూతుము, గిట్టలు చూతుము, నాలుగడుగులు నడిపించి చూతుము. కొమ్ములకు పూసిన రంగును జూచి బేరము చేయువానిని సంతలో నందఱును నవ్వుదురు. కాని పాత మోటారు సైకిలును కొనునప్పుడు మనలో పెక్కురు కొమ్ముల రంగునే చూచుచున్నారు. అందులోను ఆ బండి ఇంటిలోని పిల్లవాడు తొలిసారి ఎక్కి నేర్చుకొనవలసినది యైనప్పుడు ఈ పొరపాటు మిక్కిలి ఖరీదైనది. అందువలన ఈ మాసము ఎరువులను, తెగుళ్లను కొంచెము ప్రక్కనుంచి ఈ విషయమును గూర్చి వ్రాయ నెంచితిమి.

గడచిన నూర్పిడి దినములలో మినుపచేలను చూచుటకై కృష్ణా డెల్టాలోని యొక గ్రామమునకు పోయి యుంటిమి. అచ్చట సంఘ సభ్యుడగు ఒక రైతు మమ్ము తన పశువుల కొట్టమునకు తోడ్కొని పోయి, గోనెపట్టాలు తొలగించి యొక మోటారు సైకిలును చూపెను. అది 2012లో రిజిస్టరైన స్ప్లెండరు. 22,000 రూపాయలకు కొన్నాడట. అంతకు ముందు రెండేండ్లు అది కదలక యొక వసారాలో నిలిచి యుండెను. పదునెనిమిదేండ్లు నిండిన కుమారుడు దానిపై 11 కిలోమీటర్ల దూరమున నున్న పట్టణమునకు కాలేజీకి పోవలెను. దారిలో చెల్లెలిని హైస్కూలు వద్ద దింపవలెను.

“బాగుచేయించుటకు పండ్రెండు వేలు విడిగా నుంచితిని, అయ్యగారూ. చెక్కు చెదరకుండ చేయింపవలెను” అని యాయన యొక చీటీ చూపెను. అందు రంగు, బొమ్మల స్టిక్కర్లు, సీటు కవరు, పెద్ద శబ్దము చేయు సైలెన్సరు, ఇంజను బోరు అని వ్రాసి యుండెను. బ్రేకు అను మాటయే అందు లేదు.

ఆ చీటీని చూచినంతనే మాకు మా పాత చీటీ జ్ఞప్తికి వచ్చినది. 2003లో, ఉద్యోగమున చేరిన క్రొత్తలో, మేమును ఇట్టి పాత బండి నొకటి కొని, ఉన్న సొమ్మంతయు ఇంజనుకును రంగునకును వెచ్చించితిమి. వెనుక బ్రేకు కొంచెము జారుచున్నదని మెకానిక్కు చెప్పగా వచ్చే నెలలో చూతమంటిమి. ఆ నెల రాకముందే ఒకనాటి మునిమాపున కాలువగట్టుపై గేదెదూడ యొకటి యడ్డము వచ్చెను. ఇంజను మిక్కిలి చక్కగా పరుగెత్తుచుండెను. బండి మాత్రము ఆగలేదు. వెనుక కూర్చున్న మా తమ్ముని మోకాలు చితికినది. నేటికిని అతడు మెట్లెక్కునప్పుడు గోడ పట్టుకొని యెక్కును. ఈ వ్యాసము వ్రాయుటకు మాకు గల యర్హత యిదియే.

స్ప్లెండరును ఉదాహరణముగా గైకొనుటకు కారణము గలదు. 1984లో స్థాపితమైన హీరో హోండా కంపెనీ 1985లో సి.డి. 100 అను బండిని, 1994లో స్ప్లెండరును విపణికి తెచ్చెను. తరువాత ఆ రెండు సంస్థలును వేరుపడి, 2011 నుండి ఆ బండి హీరో మోటోకార్ప్ పేరున వచ్చుచున్నది. దాని ఇంజను 97.2 ఘనపు సెంటీమీటర్లది. బరువు సుమారు 110 కిలోలు. విడిభాగములు విజయవాడ ఆటోనగరులోనే కాక చిన్న బస్తీలలో సహితము దొరకును. క్రొత్తవాని చేతికి తగినంత నెమ్మదియైన బండి. ఇప్పుడు చెప్పబోవునది ఇతర చిన్న బండ్లకును ఇంచుమించుగా వర్తించును.

మేము ఆ రైతునకు చెప్పినది ఒక్కటే: “బండి ముందు ఆగవలెను. తరువాత తిన్నగా నిలువవలెను. తరువాత పదుగురికి కనబడవలెను. ఆ తరువాతనే పరుగెత్తవలెను. మెఱుగు కట్టకడపటిది.” ఈ వరుస తప్పకుండ సొమ్ము వ్యయము చేసినయెడల, నడుమ సొమ్ము చాలకపోయినను ప్రాణమునకు ముప్పు లేదు.

పత్రములు

స్పానరు పట్టకముందు కాగితములు చూడవలెను. రిజిస్ట్రేషను పత్రముపై నున్న ఇంజను నంబరును, ఛాసిస్ నంబరును బండిపై చెక్కిన యంకెలతో సరిపోల్చవలెను. పత్రముపై అప్పిచ్చిన సంస్థ పేరు ఇంకను ఉన్నచో, బాకీ తీరినట్లు ఆ సంస్థ ఇచ్చు పత్రమును, ఫారము 35ను అమ్మినవాని నుండి తీసికొనవలెను. చెల్లింపని చలానాలున్నవేమో విచారింపవలెను. యాజమాన్యపు మార్పునకు ఫారములు 29, 30 కావలెను. ఒకే రాష్ట్రములో నైనచో అమ్మినవాడు 14 దినములలో, కొన్నవాడు 30 దినములలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. “మనవాడే గదా, తరువాత మార్పించుకొందము” అనుట ఇరుపక్షములకును చేటు. బండి రిజిస్ట్రేషను 15 ఏండ్లే చెల్లును. పిమ్మట తనిఖీ చేయించి ఐదేండ్లకు పొడిగించుకొనవలెను. ఈ రైతు బండికి ఆ గడువు 2027లో ముగియును. కొనునప్పుడే ఈ లెక్క బేరములో చేర్చవలెను. మూడవ పక్షపు బీమా లేక బండిని రోడ్డెక్కింపరాదు.

మొదటిది: ఆగుట

ఈ బండికి రెండు చక్రములకును డ్రమ్ము బ్రేకులు గలవు. డ్రమ్ము లోపల రెండు షూలు విచ్చుకొని దాని గోడను ఒరసికొనుట చేత చక్రము నిలుచును. షూలు అరిగిన కొలది బ్రేకు ఊచకు చివరనున్న మరను బిగించుచు కాలము గడపుట మనవారి యలవాటు. ఆ మర మరచుట్ల చివరిదాక పోయి యున్నచో లోపల షూలు అయిపోయినవని తెలిసికొనవలెను. మఱియొక గుర్తు గూడ కలదు. బ్రేకు మీట మొదట నొక చిన్న బాణమును, డ్రమ్ము మూతపై నొక గీతయు నుండును. బ్రేకు నొక్కినప్పుడు బాణము గీతను చేరినయెడల షూలు మార్చవలసినదే.

మేము చక్రములు విప్పి చూడగా వెనుక షూలు రేకువలె పలుచబడి యుండెను. ముందు షూలకు మందము మిగిలి యున్నను, రెండేండ్ల నిలువలో గాజువలె నునుపెక్కెను. రెండు జతలును మార్పించితిమి. లోపలి పొడిని నోటితో ఊదరాదు; పాత షూలలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును, అది ఊపిరితిత్తులకు కీడు చేయును. తడిగుడ్డతో తుడువవలెను. షూలపై గాని డ్రమ్ములో గాని నూనెబొట్టు పడనీయరాదు. ముందు బ్రేకు తీగ పోగులు తెగి ముండ్లవలె లేచి యున్నచో ఇంకొక్క దినమైనను ఉంచరాదు.

ముందు బ్రేకు పట్టినచో బండి తలక్రిందులగునను భయము పల్లెలలో నున్నది. ఇది సగము మాత్రమే నిజము. బ్రేకు పట్టినప్పుడు బరువు ముందు చక్రముపైకి వచ్చును. కనుక ఆపుశక్తిలో ఎక్కువ పాలు ముందు బ్రేకుదే. దానిని ఒక్కమారు గుంజక, నిమ్మకాయను పిండునట్లు క్రమముగా బిగించుచు, వెనుక బ్రేకును గూడ త్రొక్కవలెను. ఇసుకపైనను, రోడ్డుపై ఆరబోసిన ధాన్యముపైనను, తడిగడ్డిపైనను మాత్రము ముందుగానే వేగము తగ్గించి, హాండిలు తిన్నగా నుంచి, మెల్లగా పట్టవలెను.

గంటకు 40 కిలోమీటర్ల వేగమున బండి ఒక్క సెకనుకు 11 మీటర్లకు పైగా పోవును. దూడను చూచి చేయి బ్రేకుపై పడులోపుననే ఆ 11 మీటర్లు గడచిపోవును. వేగము రెట్టింపైనచో, బ్రేకు పట్టిన తరువాత ఆగుటకు కావలసిన దూరము ఇంచుమించు నాలుగు రెట్లగును. ఈ లెక్కను పిల్లవానికి నోటితో చెప్పుటకంటె కాలువగట్టుపై అడుగులు కొలిచి చూపుట మేలు. మేమట్లే చేసితిమి.

రెండవది: నిలుచుట

టైరుపై గాడులున్నవి గదా యని తృప్తి పడరాదు. పెక్కు టైర్ల ప్రక్కన నాలుగంకెలు అచ్చువేసి యుండును. 2214 అని యున్నచో 2014లో 22వ వారమున తయారైనదని యర్థము. నీడలో నిలిచిన టైరైనను ఏండ్లు గడచిన కొలది గట్టిపడి ప్రక్కల పగుళ్లు తేరును. ఈ బండి టైర్లకు గాడులు బాగుగనే యున్నను, ప్రక్కలు వేసవి చెఱువువలె బీటలు వారి యుండెను. రెండును మార్పించితిమి, ట్యూబులును క్రొత్తవి వేయించితిమి. ఒక్కడే ఎక్కునప్పుడు ముందు చక్రమునకు 25 పౌండ్లు, వెనుకకు 28 పౌండ్లు గాలి యుండవలెను. వెనుక మనిషి కూర్చుండునప్పుడు బండి పుస్తకములో చెప్పినంత పెంచవలెను. చేతితో నొక్కి చూచి చాలుననుట కొలత కాదు.

పిమ్మట బండిని నడిమి స్టాండుపై నిలిపి, ముందు చక్రము పైకి లేచునట్లు చేసి, హాండిలును మెల్లగా ఇటునటు త్రిప్పి చూడవలెను. తిన్ననైన చోట ఏదో గుంటలో పడినట్లు తగిలినయెడల, హాండిలు క్రింద నుండు గోళీలును గిన్నెలును అరిగినవన్నమాట. మెకానిక్కులు దీనిని కోను సెట్టందురు. అది చెడినచో బండి తిన్నగా పోక పాము పోకడలు పోవును. అనుభవజ్ఞుడు దానిని సర్దుకొనును. క్రొత్తవాడు తన చేతకానితనమే యనుకొని బెదరును. చక్రమును రెండు చేతులతో పట్టి ప్రక్కలకు కదిపి చూచిన బేరింగుల స్థితి తెలియును. స్పోకులను పుల్లతో తట్టినచో వదులైనది మూగగా పలుకును.

చైనును, దానిని కప్పిన పెట్టెకు గల రబ్బరు మూత తీసి చూడవచ్చును. నడుమ క్రిందికి మీదికి సుమారు ఒక అంగుళము ఆడవలెను. మిక్కిలి బిగువైన బేరింగులు చెడును. మిక్కిలి వదులైన పండ్లపై నుండి జారును. చైనును కలుపు లింకు క్లిప్పునకు మూసిన కొన చైను పరుగెత్తు దిక్కుననే యుండవలెను. తెఱచిన కొన ఆ వైపునకుండిన ఏదో యొకనాడు ఊడిపోవును. చైను మార్చునప్పుడు రెండు పండ్లచక్రములను గూడ కలిపి మార్చుట మేలు. పాత పండ్లు క్రొత్త చైనును త్వరగా తినివేయును.

మూడవది: కనబడుట

ముందు దీపము, వెనుక దీపము, రెండు బ్రేకులకును వెలుగు ఎఱ్ఱదీపము, నాలుగు సూచిక దీపములు, హారను, రెండు అద్దములు పని చేయవలెను. 2017 ఏప్రిలు నుండి తయారగు బండ్లకు ఇంజను నడచినంతసేపు ముందు దీపము దానంతటదియే వెలుగును. ఈ బండి అంతకు పాతది కనుక పగలైనను దీపము వేసికొనియే పొమ్మని పిల్లవానికి చెప్పితిమి. చెఱకు లారీ, ధాన్యపు ట్రాక్టరు నడుపువానికి చిన్న బండి దూరమునుండి కనబడుట కష్టము. ట్రాక్టరు ట్రక్కులకు వెనుక దీపము లేకుండుట మన యూళ్లలో సామాన్యము గనుక రాత్రి నేర్చుకొనుట కూడదు.

అమ్మినవాడు అందమునకై చక్రము ప్రక్కనుండు చీర గార్డును, వెనుకవారి ఫుట్‌రెస్టులను తీసివైచి యుండెను. చెల్లెలి వోణీ చక్రములో చుట్టుకొనిన నేమగునో తండ్రికి చెప్పనక్కఱలేకపోయినది. ఆయన తానే పట్టణమునకు పోయి అవి తెచ్చెను.

నాలుగవది: పరుగెత్తుట

ఇంజను బోరు చేయవలెనని మెకానిక్కు పట్టుబట్టెను. ముందు మామూలు పనులు చేసి చూతమంటిమి. టాంకులోని రెండేండ్ల పెట్రోలు వార్నీషువలె కంపు కొట్టుచుండెను. నేటి పెట్రోలులో కలుపు ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. ఏండ్ల తరబడి నిలువయుంచిన త్రుప్పునకును, జిగురునకును కారణమగును. ఆ పెట్రోలును పొయ్యికి దూరముగా డబ్బాలోనికి వంపి, టాంకు కడిగించి, కార్బురేటరు విప్పించి దాని సన్నని రంధ్రములను శుభ్రపఱపించితిమి. గాలి జల్లెడను, ప్లగ్గును, ఇంజను నూనెను మార్పించితిమి.

నూనెను కొలుచుటకు ఇంజనును కొంచెముసేపు నడిపి, ఆపి, కొన్ని నిమిషములు తాళి, బండిని నడిమి స్టాండుపై నిలిపి, కొలపుల్లను తుడిచి, మరలో బిగింపక ఊరక ఆనించి చూడవలెను. రెండు గీతల నడుమ నూనె యుండిన చాలును, పైగీత మించరాదు. తీసిన నల్లనూనెను పంటకాలువలోనో పొలములోనో పోయరాదు. డబ్బాలో పట్టి పాతనూనె తీసికొను దుకాణమున కియ్యవలెను.

ఇంత చేసి కిక్కు కొట్టగా ఆఱవమారునకు ఇంజను పలికెను. పొగ నీలముగా లేదు. పొగ గొట్టమునుండి నీలిపొగ ఎడతెగక వచ్చినచో నూనె కాలుచున్నదని తెలియును. అప్పుడు బోరు మాట తలపవచ్చును. ఇక్కడ ఆ యవసరము లేకపోయెను.

క్రొత్త చేతికి అమర్చుట

నేర్పరి బండిలోని లోపములను తన చేతివాటముతో కప్పిపుచ్చుకొనును. నేర్చువానికి ఆ వాటము లేదు. కనుక క్లచ్చి తీగను, ఏక్సిలరేటరు తీగను క్రొత్తవి వేయింపవలెను. క్లచ్చి పట్టినప్పుడు మొదట అర అంగుళము ఊరక కదలి, పిమ్మట పట్టు తగులవలెను. ఏక్సిలరేటరును త్రిప్పి విడిచినచో దానంతటదియే వెనుకకు పోవలెను. హాండిలును ఏ ప్రక్కకు త్రిప్పినను ఇంజను వేగము పెరుగరాదు. పిల్లవానిని సీటుపై కూర్చుండబెట్టి, వాని వ్రేళ్లకు అందునట్లు రెండు మీటలను సర్దవలెను. ప్రక్క స్టాండు స్ప్రింగు గట్టిగా నుండవలెను. అది దిగియున్న బండి ఎడమకు వంగినప్పుడు నేలను తాకి పడవైచును.

సంఘపు గోదాము వద్ద ఖాళీగా నున్న కళ్లములో సున్నముతో నొక గీత గీచితిమి. మొదటి దినము ఇంజను వేయకయే బండిని త్రోయించి, బ్రేకు పట్టించితిమి. రెండవ దినము మొదటి గేరులోనే నడిపి, గీతవద్ద ఆపుట. దాటినచో మరల మొదటినుండి. ఆ దినము పిల్లవాడు నలువదిమార్లు ఆగెను. “ఎప్పుడు నడుపనిత్తురు?” అని అడిగెను. “ఆగుట వచ్చినవానికి నడుపుట వచ్చినట్లే” అంటిమి.

గేరుబండికి పదునెనిమిదేండ్లు నిండవలెను. నేర్చుకొను లైసెన్సు ఆరు నెలలు చెల్లును. అది పొందిన 30 దినముల పిమ్మట పరీక్షకు పోవచ్చును. ఆ కాలములో నేర్పువారిని తప్ప మఱెవ్వరిని వెనుక నెక్కించుకొనరాదు. చెల్లెలు అంతవరకు బస్సులోనే పోవలెనని నిర్ణయమైనది. ఈడురాని పిల్లవానికి తాళపుచెవి యిచ్చు తండ్రులు 2019 సవరణను గుర్తుంచుకొందురుగాక. పిల్లవాడు పట్టుబడినచో తండ్రికి 25,000 రూపాయల జుల్మానాయు, మూడేండ్లవరకు ఖైదును విధింపవచ్చును.

2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అందు నూటికి 44 మందికి పైగా మోటారు సైకిళ్లు మొదలగు రెండు చక్రముల బండ్లపై నున్నవారు. హెల్మెట్టు లేక చనిపోయినవారే 50,029 మంది. వీరిలో వెనుక కూర్చున్నవారును వేలకొలది కలరు. కనుక ఐ.ఎస్.ఐ. గుర్తుగల హెల్మెట్లు ఒకటి కాదు, రెండు కొనవలెను.

ఖర్చు లెక్క

ఈ బండికి అయిన వ్యయము సభ్యుల యెఱుకకై ఇచ్చుచున్నాము. ఊరినిబట్టి ధరలు మాఱవచ్చును.

బ్రేకు షూలు, తీగ: 640 రూపాయలు
టైర్లు, ట్యూబులు: 3,650
కోను సెట్టు, బేరింగులు: 780
క్లచ్చి, ఏక్సిలరేటరు తీగలు: 270
చైను, పండ్లచక్రములు: 1,150
బ్యాటరీ, దీపములు, హారను, అద్దములు, గార్డు, ఫుట్‌రెస్టులు: 1,480
నూనె, ప్లగ్గు, గాలి జల్లెడ: 730
కూలి: 1,250
హెల్మెట్లు రెండు: 1,900
మొత్తము: 11,850 రూపాయలు

రిజిస్ట్రేషను మార్పు రుసుము, బీమా సొమ్ము ఇందు చేరలేదు. రైతు విడిగా నుంచిన పండ్రెండు వేలలో రంగునకు మిగిలినది 150 రూపాయలు. సైలెన్సరు పాతదే. సీటు చినుగును తల్లి దబ్బనముతో కుట్టెను. గీతలుపడిన టాంకు గీతలుపడియే యున్నది.

ఆ నూట యేబది రూపాయలతో పిల్లవాడు తెల్లరంగు, ఎఱ్ఱరంగు చిన్న డబ్బాలు తెచ్చి, రెండు రేకుముక్కలపై తెల్లని పూతమీద ‘ఎల్’ అను ఎఱ్ఱని యక్షరమును తానే వ్రాసి బండికి ముందును వెనుకను కట్టెను. నేర్చుకొనువాడని లోకమునకు తెలుపు గుర్తది. ఆ బండికి పడిన రంగంతయు అదియే. మొన్న మేము ఆ దారిని పోవుచుండగా, కాలువగట్టుపై మేకలమంద దాటుచుండెను. ఎదుట నొక బండి దీపము వెలుగుచు వచ్చి, మందకు చాల దూరముననే మెల్లగా ఆగి, కాలు నేలనాన్చి నిలిచెను. రేకుమీది యక్షరమును బట్టి యెవరో గుర్తించితిమి.

పాత బండి కొనదలచిన సభ్యులు చీటీ వ్రాసికొనునప్పుడు మొదటి పంక్తిలో బ్రేకును, కడపటి పంక్తిలో రంగును వ్రాసికొందురుగాక.